కోరాం చప్పుడు వినపడే మౌత్‌పీసు

పాసయ్యాను! బి.ఏ. పాసయ్యాను, ఈ పొద్దుటి పేపర్లో నా నంబరు పడింది! అదొక్కటే అయితే ఇంత గంతులు వెయ్యను. నిన్న సాయంత్రం ఇక్కడ మద్రాసులో, ఒక స్టూడియో వాద్యబృందంలో నాకు క్లారినెట్టు కుర్చీ ఇచ్చారు. ఫిడేళ్ళ వెనక వరసలో, ఫ్లూటు పక్కన, ఎడమ చివర. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, కూర్చుంటే ఊగుతుంది. ఊగనీ! మా వంశంలో ఇంతవరకూ కచేరీలో కుర్చీ వేసి కూర్చోబెట్టినవాళ్ళు లేరు. మా వాళ్ళందరూ నడుస్తూ ఊదినవాళ్ళే.

రాజోలు పోస్టాఫీసుకి ట్రంకు కాలు బుక్ చేసి, ఇక్కడి తపాలా ఆఫీసు బల్ల మీద కూర్చున్నాను. లైను ఎప్పుడు కలుస్తుందో తెలియదు. చేతులు ఊరుకోక, క్లారినెట్టు పెట్టె తెరిచి మౌత్‌పీసు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాను. ఊదడానికి కాదు, ఊరికే. నల్లటి ఎబొనైటు ముక్క. నోట్లో పెట్టుకుంటే గంధకం, పాత రబ్బరు, కాస్త కొబ్బరినూనె కలిసిన రుచి. పై పళ్ళు ఆనేచోట రెండు చిన్న గుంటలున్నాయి. ఏళ్ళ తరబడి ఎవరి పళ్ళో ఆని ఆని అరిగిన గుంటలు. నా పళ్ళు వాటిలో కూర్చోవు, కాస్త పక్కన ఆనుతాయి. ఆ గుంటలు నాలుక్కి తగిలేసరికి ఇంతసేపూ ఎగిరిన సంతోషం కిందికి దిగి కూర్చుంది.

అవి సూర్రావు మాస్టారి పళ్ళ గుర్తులు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసినా గుర్తుండరు. పెళ్ళి ఊరేగింపులో బాండుమేళం వాళ్ళ మొహాలు ఎవరు చూస్తారు? ఎర్రకోటు చూస్తారు, ఇత్తడి బొత్తాలు చూస్తారు. ఆయన ఊరు మామిడికుదురుకి అవతల, కాలవ గట్టున ఉంది. మా ఇళ్ళల్లో మగవాళ్ళ చేతిలో మంగలికత్తి ఉంటుంది, లేకపోతే సన్నాయో డోలో ఉంటుంది. మా నాన్న రాజోలు సంతలో కత్తి పట్టాడు. సూర్రావు మాస్టారి నాన్నగారు సన్నాయి. మాస్టారు మాత్రం ఊళ్ళలోకి బాండుమేళాలు వచ్చిన కొత్తల్లో సన్నాయి పక్కన పెట్టి క్లారినెట్టు పట్టి, ఎర్రకోట్లు కుట్టించి సొంతంగా ఒక మేళం కట్టారు. నేను హైస్కూల్లో చదువుతూ, సెలవుల్లో ఆ మేళంలో రెండో క్లారినెట్టు ఊదేవాణ్ణి.

మంచి గురువులంటే చల్లగా నవ్వుతూ చెబుతారని కథల్లో రాస్తారు. ఈయన అలా కాదు. మొదటి వానాకాలం అంతా నాకు క్లారినెట్టు ముట్టుకోనివ్వలేదు. ఒక్క మౌత్‌పీసు చేతిలో పెట్టి, దానికి రీడు, అంటే సన్నటి రెల్లు రేకు, కట్టి ఊదమన్నారు. అది పిల్ల బాతులా క్యాక్‌మనేది. ఆ క్యాక్ ఎక్కకుండా దిగకుండా ఒకే శ్రుతిలో నిలబడాలి.

"మాస్టారూ, గొట్టం ఎప్పుడిస్తారండీ?" అని అడిగాను ఒకరోజు.

"క్లారినెట్టంటే నీ నోట్లో ఉన్న ముక్కేరా. మిగతాదంతా గొట్టమే. గొట్టం కావాలంటే తూములో పెట్టేది తెచ్చుకో."

లోపల్నుంచి ఆయన భార్య మంగమ్మత్తగారు కేకేసింది. "కుర్రాణ్ణి అలా అనకండి. ఆ క్యాక్ క్యాక్‌లకి మన బాతులు నిజంగానే గుమ్మంలోకొచ్చి నిలబడుతున్నాయి. ఇంకో నెల ఊదించేరంటే గుడ్లు కూడా ఇక్కడే పెడతాయి."

మాస్టారు నవ్వలేదు. నాకు నవ్వొస్తే, చేతిలో ఉన్న డోలు పుల్లతో మోకాలి మీద ఒకటి వేశారు. ఆ దెబ్బ ఇంకా గుర్తుంది. గురుభక్తితో కాదు, మామూలుగానే, కోపంతోనే.

ఒక సంగతి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. మౌత్‌పీసు కొనకీ, దానికి కట్టిన రీడు కొనకీ మధ్య సన్నటి సందు ఉంటుంది. గాలి వెళ్ళేది అందులోంచే. సందు వెడల్పుగా ఉంటే ధ్వని పెద్దది. డప్పులూ బాణాసంచా మధ్య కూడా కాలవ అవతలికి వినపడుతుంది. అందుకే మా కోనసీమ మేళాలవాళ్ళు కొత్త మౌత్‌పీసు వస్తే చాలు, ముందు ఆకురాయి తీసి కొన రాసి సందు తెరిచేస్తారు. తెరవని మౌత్‌పీసుతో పెళ్ళికి వెళ్ళడమంటే కాళ్ళకి గజ్జెలు లేకుండా భజనకి వెళ్ళినట్టే. కానీ వాద్యబృందంలో పనికొచ్చేది దీనికి తలకిందులు. అక్కడ సందు సన్నగా ఉండాలి, ధ్వని లోపలికి ఒదిగి పక్కవాళ్ళ ఫిడేలులో కలిసిపోవాలి. వీధికొకటీ, కుర్చీకొకటీ.

మాస్టారి దగ్గర రెండూ ఉండేవి. వీధిది ఎప్పుడూ ఆయన జేబులో ఉండేది. రెండోది యుద్ధం అయిపోయి ఊరికి వెళ్ళిపోతున్న ఒక మిలిటరీ బాండు మనిషి ఇచ్చినది, ఇంగ్లండులో చేసిన సీమ సరుకు, ఎవరూ ఆకురాయి పెట్టనిది. దాన్ని తమలపాకుల పెట్టెలో, పాత పట్టుగుడ్డలో చుట్టి ఉంచేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, తలుపు ఓరగా వేసుకుని, దానితో ఒక్కరే ఊదుకునేవారు. అప్పుడాయన వేరే మనిషి. చెంపలు ఉబ్బేవి కావు, కళ్ళు మూసుకునేవారు. ఆ ధ్వని గదిలో ఉన్నవాళ్ళకి మాత్రమే, అదీ మర్యాదగా, చెవి దగ్గరికొచ్చి చెప్పినట్టు ఉండేది.

అమలాపురంలో నాటకాలకి హార్మోనియం వాయించి మద్రాసు వెళ్ళిపోయిన ఒకాయన, ఒకసారి అలా ఓరగా వేసిన తలుపు అవతల నిలబడి విన్నాడు. వెళ్ళాక కబురంపాడు. స్టూడియోలో క్లారినెట్టు కుర్చీ ఖాళీగా ఉంది, ఫలానా రోజున వచ్చి వినిపించమని. ఆ కబురు వచ్చిన రోజు మాస్టారు నన్ను మొదటిసారి 'బాబూ' అన్నారు. "బాబూ నాగేసూ, కూర్చుని ఊదడమంట్రా. చెప్పులు బయట విప్పి, కూర్చుని."

ఆ ప్రయాణానికి ముందు వారం మాస్టారి ఊరి కామందుగారి అమ్మాయి పెళ్ళి. ఊరి పొలాల్లో సగం ఆయనవే. ఊరి పెళ్ళిళ్ళలో ఎవరి మేళం ఉండాలో చెప్పేదీ ఆయనే. పెళ్ళికి రెండు రోజుల ముందు మాస్టారి వీధి మౌత్‌పీసు, బండిలోంచి సామాను దింపుతుంటే జేబులోంచి జారి, చక్రం కింద పడి పిండయింది. నాది కొన చిట్లిన ముక్క, ముందు ఊదడానికి పనికిరాదు. మిగిలింది సీమదొకటే. సరే, దానితోనే మొదటి సాయంత్రం ఊరేగింపుకి నడిచాం. పల్లకీ కదిలింది, డోళ్ళు మోగాయి. ఆ డోళ్ళ కింద మాస్టారి క్లారినెట్టు ఎక్కడుందో మాకే తెలియలేదు.

వీధి మధ్యలో కామందుగారు చెయ్యెత్తి ఊరేగింపు ఆపించారు.

"ఏరా సూరీ, ఊపిరి అమ్ముకున్నావా?"

చుట్టూ నవ్వులు. మాస్టారు తలవంచి, "ఆయ్, లేదండి. రేపు సరిచేసుకుంటానండి" అన్నారు.

"రేపు అవతల ఒడ్డువాళ్ళకి వినపడాలి. లేదంటే అమలాపురం మేళాన్ని పిలిపిస్తాను, వాళ్ళు ముందు నడుస్తారు. నువ్వు బళ్ళ వెనకాల ఎడ్లకి ఊదు."

మర్నాడు పొద్దున్న పందిరి వెనక, వంటపొయ్యిల పక్కన, మాస్టారు పట్టుగుడ్డ విప్పారు. ఆకురాయి పట్టుకురమ్మన్నారు.

"వద్దండి మాస్టారూ. ఒక్కరోజుకి వెనకాల నడుద్దామండి. వచ్చే వారం మద్రాసు" అన్నాను.

"నేను నడుస్తాన్రా. నాకేం? కానీ ఒకసారి వెనక నడిచిన మేళాన్ని ఈ కోనసీమలో మళ్ళీ ముందుకి పిలవరు. వీర్రాజుకి నలుగురు పిల్లలు. వాళ్ళని కూడా మద్రాసు తీసుకుపోనా?" వీర్రాజు మా డోలు మనిషి. ఆ సమయానికి పొయ్యి పక్కన చెక్కకి ఆనుకుని హాయిగా నిద్రపోతున్నాడు.

ఆకురాయి ఎబొనైటు మీద నడిచిన చప్పుడు చిన్నదే. నల్లటి పొడి ఆయన పంచె మీద రాలింది. కాస్త రాసి, వెలుతురుకి ఎత్తి సందు చూసి, మళ్ళీ రాసి, మళ్ళీ చూసి. గంధకం వాసన, పక్కన గాడిపొయ్యి మీద పులుసు వాసన. మంగమ్మత్తగారు పక్కన నిలబడి, పట్టుగుడ్డ మడతపెట్టి కొంగున కట్టుకుంది.

ఆ సాయంత్రం అవతల ఒడ్డు జనం వచ్చి గట్టున నిలబడి విన్నారు. కామందుగారు తన భుజం మీది కండువా తీసి మాస్టారి మెడలో వేసి, "ఇదిరా ఊదడమంటే!" అన్నారు. మాస్టారు వంగి దణ్ణం పెట్టారు. ఆ కండువా తర్వాత ఎప్పుడూ ఆయన మెడలో చూడలేదు. మంగమ్మత్తగారు దానితో అటకమీది బెల్లం కుండకి వాసెన కట్టింది.

మద్రాసు వెళ్ళకుండా ఉండాల్సింది. ఆయన వెళ్ళారు. రీడు మారిస్తే సరిపోతుందనుకున్నారు, పెదవి బిగిస్తే సరిపోతుందనుకున్నారు. తిరిగి వచ్చే రోజున నేను సఖినేటిపల్లి రేవుకి ఎదురెళ్ళాను. నర్సాపురం నుంచి వచ్చిన పంటు మీంచి అందరికంటే ఆఖర్ని దిగారు. పెట్టె నా చేతికివ్వలేదు. చాలాదూరం నడిచాక ఆయనే అన్నారు:

"పక్కన వరసంతా ఫిడేళ్ళున్నాయిరా. ఒక్కటీ నాకు వినపడలేదు."

ఇంకొంత దూరం నడిచాక: "స్టూడియోలో నన్ను విన్న పెద్దాయన మంచిగానే చెప్పేడు. 'ఏమయ్యా బాండబ్బాయీ, ఇక్కడ ఊరేగింపు లేదయ్యా' అన్నాడు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను."

ఆ తర్వాత ఆయన ఓరగా తలుపు వేసుకుని ఊదడం మానేశారు. పెళ్ళిళ్ళకి మాత్రం ఊదారు, అవతల ఒడ్డుకి వినపడేలా. నాతో మరీ కరుకుగా మారారు. తప్పు స్వరం పడితే అందరి ముందూ అనేవారు. కాలేజీలో చేరతానంటే ఎగతాళి చేస్తారనుకున్నాను. "చేరు. కామందుగారబ్బాయి కూర్చున్న బెంచీ మీదే కూర్చో. రేపు వాళ్ళు నిన్ను 'ఒరే' అనే ముందు ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ ఒక్క క్షణం కోసం చదువు" అన్నారు. దీవెనలా అనలేదు. తిట్టినట్టే అన్నారు. నేను రాజమండ్రిలో చదువుకుంటూ, ఎప్పుడు నిద్రొచ్చినా ఆ ఒక్క క్షణాన్ని తలుచుకునేవాణ్ణి.

కాలేజీ సెలవులకి వచ్చినప్పుడల్లా వాళ్ళింట్లో పాత మౌత్‌పీసులు కనిపించేవి. పగిలినవీ, ఎవరో పారేసినవీ. కిటికీ అద్దం ముక్క ఒకటి అరుగుమీద పెట్టి, దానిమీద గరుకు కాగితం పరిచి, మౌత్‌పీసుల్ని రుద్దేవారు. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు. "ఆయనకి వేరే పెళ్ళాం దొరికిందిలే, ఆ అద్దం ముక్క" అనేది అత్తగారు.

పోయినేడు సంక్రాంతి వెళ్ళాక, మద్రాసులో మళ్ళీ అలాంటి కుర్చీ ఒకటి ఖాళీ కాబోతోందని నాకు తెలిసింది. ఆయన దగ్గరికి వెళ్ళాను. అప్పటికి ఆయన ముందు పళ్ళు ఊడిపోయాయి. పై పళ్ళు లేకపోతే క్లారినెట్టు మనిషికి ఏమీ లేనట్టే. నేను గొప్పగా ఒక కొత్త మౌత్‌పీసు తీసి చూపించాను. స్ఫటికంలా మెరిసే గాజుది, పట్నం కొట్లో కొన్నది.

ఆయన దాన్ని ఇటూ అటూ తిప్పారు. రీడు కట్టి, కింది కంత అరచేత్తో మూసి, కొన నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చి వదిలారు. సరైనదైతే రీడు ఒక గుక్కసేపు అంటుకుని ఉండి, 'టప్' మని విడవాలి. అది అంటుకోనే లేదు.

"బాగుంది. దీంట్లో చూసుకుని తల దువ్వుకో."

లోపల్నుంచి పట్టుగుడ్డ మూట తెచ్చారు. సీమది. నేను కొన చూశాను. పందిరి వెనక తెరిచిన సందు మళ్ళీ సన్నగా ఉంది.

"ఎలాగండీ?" అన్నాను.

"కొన పెంచలేం. రీడు పడుకునే బల్లని అరగదీస్తే రీడే కొనకి దగ్గరికొస్తుంది. సందు మూసుకుంటుంది." వేలితో ఆ నున్నటి భాగం నిమిరారు. "ఇంతే పని. ఇన్నాళ్ళు పట్టింది నాకు తెలియడానికి. ఆ వారం మా ఇంటి కిటికీకి అద్దం లేదట్రా?"

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయనే వెంటనే గదమాయించారు. "మొహం చూడకు, ఊదు. ఏమేవ్, కొబ్బరి కోరు."

మంగమ్మత్తగారు కోరాం పీట ముందు కూర్చుని కొబ్బరిచిప్ప పట్టుకుంది. నేను ఊదాను.

"కోరాం చప్పుడు వినపడుతోందా?"

"లేదండి."

ఆయన బల్లని అద్దం మీద కాస్త రుద్ది ఇచ్చారు. మళ్ళీ ఊదాను. మళ్ళీ అదే ప్రశ్న. రీడు మార్చారు, కట్టు వదులు చేశారు, ఇంకాస్త రుద్దారు. మధ్యాహ్నమంతా ఇదే. అత్తగారు రుసరుసలాడింది. "మీ పరీక్షలకి చెట్టు ఖాళీ అయిపోతోంది. ఈ కోరంతా ఏం చెయ్యను? ఊరందరికీ లౌజు పంచనా?"

"పంచు. ఊరందరికీ పంచు" అన్నారు మాస్టారు. ఆ రోజు ఆయన నవ్వడం చూశాను, బోసినోటితో.

చివరికి ఒకసారి, పెద్ద స్వరం మీద నిలబడి ఉండగానే, కోరాం పళ్ళమీద చిప్ప తిరిగిన గరగర నాకు స్పష్టంగా వినపడింది. నేను కళ్ళతోనే అవునన్నాను. ఆయన అద్దం ముక్క బోర్లించారు.

"వీధిలో నువ్వు వినపడాలి. అక్కడ పక్కవాడు నీకు వినపడాలి. మౌత్‌పీసు ఎంచుకోవడమంటే ఇదే. పట్టుకుపో."

ఆ శ్రావణంలోనే జ్వరం వచ్చి పోయారు. పాడె ముందు మా మేళమే నడిచింది. నేను ఆ మౌత్‌పీసుతోనే ఊదాను. డప్పుల మధ్య అది ఎవరికీ వినపడలేదు. మోస్తున్నవాళ్ళ అడుగుల చప్పుడు మాత్రం నాకు వినపడింది. కామందుగారు తన అరుగుమీద నిలబడి చూస్తూ, "అదేంట్రా నాగేసూ, బీయే చదివితే ఊపిరి తగ్గిపోయిందా?" అన్నారు. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

నిన్న స్టూడియోలో నన్ను విన్న పెద్దాయన ఆ రోజు మాస్టారిని విన్నాయనో కాదో నాకు తెలియదు. అడగలేదు. ఎంతవరకు చదివారని అడిగారు. బి.ఏ. పరీక్ష రాశానన్నాను. "కూర్చోండి, నాగేశ్వర్రావుగారూ" అన్నారు. ఊదాను. పక్కన ఫిడేళ్ళు వినపడ్డాయి. ఒక్కొక్క విల్లు తిరగడం కూడా వినపడింది. అయిపోయాక ఆయన మౌత్‌పీసు తీసుకుని తిప్పి చూసి మెచ్చుకున్నారు.

"పాత సీమ సరుకు. ఇప్పుడు దొరకవు. ఎక్కడ సంపాదించారు?"

"ఇది ఇంతకుముందు ఒకసారి మద్రాసు వచ్చిందండి" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మర్యాదగా నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన నాలో విన్నది క్లారినెట్టునో, 'గారు' తగిలించుకున్న చదువునో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. ఆ కుర్చీ నాదే. కూర్చుంటాను, దించితే తప్ప దిగను. కానీ కూర్చున్నప్పుడల్లా నా పళ్ళకి పక్కనే ఆ రెండు గుంటలు ఖాళీగా ఉంటాయి.

రాజోలు లైను ఇంకా కలవలేదు. ఇంకా ఫోను చెయ్యవలసినవాళ్ళు:

నాన్న. పోస్టుమాస్టారుగారు సంతలోకి మనిషిని పంపి పిలిపిస్తారు. ముందు బి.ఏ. సంగతి చెప్పాలి. కుర్చీ సంగతి ఆయన ఏడవడం అయ్యాక.

అమలాపురంలో మా లెక్కల మాస్టారు. పక్కింటి ప్లీడరుగారికి ఫోనుంది. లెక్కల్లో కూడా పాసయ్యానా అని అడుగుతారు.

డోలు వీర్రాజు. ఇప్పుడు రైసుమిల్లులో ఉన్నాడు. మిల్లు ఆడుతుంటుంది, అరిచి చెప్పాలి.

మంగమ్మత్తగారు. ఆ ఊళ్ళో ఫోను కామందుగారింట్లో ఒక్కటే. పాలేరు వెళ్ళి పిలుస్తాడు, ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి వాళ్ళ అరుగు కింద నిలబడాలి. నా మాట ముందు ఆయన వింటారు, తర్వాత ఆవిడకి చెబుతారు. ఈ పేరు కొట్టేశాను. ఆవిడకి ఫోను చెయ్యను. రైలెక్కి, రేవు దాటి, కాలవ గట్టున నడిచి వెళ్ళి, కోరాం ముందు కూర్చోబెట్టి, పక్కన కూర్చుని ఊదుతాను.